ఎడమ వింగు

ఇర్వింగ్, టెక్సాస్
1983 నవంబర్ 8

మహారాజశ్రీ దేవకుమారి వదినగారి సముఖమునకు,

మేనత్త కొడుకు సుందర్ రాజ్ వినయ విధేయతలతో విన్నవించుకునేది ఏమనగా, షికాగో చలి నుంచి కాపాడమని నువ్వు విమానం ఎక్కించి నా దగ్గరికి పంపిన మీ నాన్నగారు ఇప్పుడు ఇక్కడ లేరు. కంగారు పడకు. ఆయన కూర్చునే కుర్చీలో వెయ్యెకరాల ఆసామి ఒకాయన కూర్చుని ఉన్నాడు. తలమీద టోపీ, మోకాళ్ళ దాకా బూట్లు, మొహం నిండా లోకం మీద కోపం. ఆ కోపం మాత్రం మామయ్యదే, అద్దెకు తేలేదు.

నేను ఇంజనీరింగ్ వదిలేసి సినిమా కోర్సులో చేరి రెండు కుటుంబాల పరువూ ఏకకాలంలో తీశానని నీకు తెలుసు. ఆ డిగ్రీ చేతికి రావాలంటే ఇరవై రెండు నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలి. కథ చిన్నది. ఒక ముసలి రాంచర్. పశువులన్నీ అమ్ముడుపోయాయి. భూమి కూడా అమ్మేద్దామని కొడుకు కాగితాలు పట్టుకొస్తాడు. ముసలాయన కసురుకుంటాడు, గొణుక్కుంటాడు, సంతకం మాత్రం పెట్టడు. విసిగిపోయి కొడుకు వెళ్ళిపోతుంటే వెనకనుంచి ఒక్క మాట అంటాడు: "గేటు వేసి పో. పశువులు బయటికి పోతాయి." అక్కడ ఒక్క పశువు కూడా లేదు వదినా. అదే సినిమా.

ఈ వేషానికి టీవీలో పాతికేళ్ళు గుర్రాలెక్కిన ఒక పెద్దాయన్ని ఒప్పించాను. ఆయన షూటింగుకు వారం ముందు తుంటి విరగ్గొట్టుకున్నాడు. గుర్రం మీంచి పడి కాదు, బాత్‌టబ్‌లో. నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే మామయ్య పేపర్ పక్కన పెట్టి, "ఏం అల్లుడూ, హేరోదు వేషం వేసినవాడు ఇంట్లో ఉండగా ఊరంతా వెతుకుతున్నావా?" అన్నాడు.

నరసాపురం మిషన్ స్కూల్లో ఆయన తెలుగు మేష్టారుగా ఉన్న రోజుల్లో, క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజుగా రంగం మీదికి వస్తే ముందు వరస పిల్లలు ఏడ్చేవాళ్ళని మా అమ్మ చెప్పేది. నిన్న రాంచ్‌లో ఆయన ఒక్కసారి కసిరితే మా కెమెరా కుర్రాడు క్షమాపణ చెప్పాడు. దేనికో వాడికే తెలీదు.

మరి ఆ రంగూ ఆ యాసా టెక్సాస్‌లో ఎలా నడుస్తాయి అంటావా? దారిన పోయేవాళ్ళు మామయ్యని మెక్సికన్ అనుకుని స్పానిష్‌లో పలకరిస్తున్నారు. మామయ్య తెలుగులో జవాబిస్తున్నాడు. ఇరుపక్షాలూ తృప్తిగా విడిపోతున్నాయి.

ఇట్లు,
తమరి ఆశీస్సులు కోరే మరిది,
సుందర్ రాజ్

*

షామ్‌బర్గ్
నవంబర్ 19

ఒరే సుందర్,

నీ ఉత్తరం హాస్పిటల్ బ్రేక్ రూమ్‌లో చదివి పైకే నవ్వాను. పక్కనున్న నర్సులు ఏమైందని అడిగారు. చాలా రోజులైంది కదా, వాళ్ళకీ వింతే.

ఇక్కణ్ణించి నవ్వు ఆపి చదువు. నాన్నని చలి కోసం పంపలేదు. సెప్టెంబర్‌లో రెండుసార్లు స్టవ్ వెలిగించి వాకింగ్‌కి వెళ్ళిపోయాడు. రెండోసారి కిటికీ తెర అంటుకుంది. అంతకుముందు మా శాంతిని నాలుగు రోజులు వరసగా "నవోమీ" అని పిలిచాడు. పదేళ్ళ పిల్ల, పలికింది పాపం. పోయిన అమ్మమ్మ పేరని దానికి తెలుసు. కాదంటే తాతకి బాధ అనుకుందట.

డాక్టర్‌కి చూపించాను. వయసు వల్ల కావచ్చు, జబ్బు మొదలు కావచ్చు, కొన్నాళ్ళు కనిపెట్టి చూడమన్నాడు. మా హాస్పిటల్‌కి రెండు వీధుల అవతల వృద్ధుల హోమ్ ఉంది. వాళ్ళ ఫారం నా వంటింటి డ్రాయర్‌లో ఉంది. చివరి పేజీలో నేను సంతకం పెట్టాలి. రోజూ గరిటె కోసం డ్రాయర్ తీస్తే అది కనబడుతుంది.

మేమిద్దరం ఉద్యోగాలకు పోతాం, నాన్న ఒక్కడే ఇంట్లో. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. ఒకరోజు అంతా బాగుందనిపిస్తుంది, మరునాడు అంతా అయిపోయిందనిపిస్తుంది. అందుకే నీ దగ్గరికి పంపాను, కొత్త కళ్ళు కదా అని. ఒక్కటే అడుగుతున్నా. మరిచిపోతున్నాడా, లేదా? క్రిస్మస్ లోపు రాయి. జోకులు తరవాత.

నీ వదిన,
దేవకుమారి

*

ఇర్వింగ్
డిసెంబర్ 11

వదినా,

ఆజ్ఞ ప్రకారం జోకులు తరవాత. జవాబు: లేదు.

మామయ్య జ్ఞాపకశక్తి దివ్యంగా ఉంది. పొద్దున లేస్తాడు, కీర్తన పాడతాడు, నా కాఫీ బాగాలేదంటాడు. ఈ మూడూ ఒక్కరోజు కూడా తప్పలేదు. ఫారాన్ని డ్రాయర్ అడుక్కి తోసెయ్. గరిటెలు పైన పెట్టుకో.

ఇక నటన సంగతి. నేను ఇంగ్లీషులో రాసిన డైలాగులు మహా నాసిరకం. అయినా మామయ్య నోట అవి మరోలా ఉన్నాయి, ఎందుకంటే ఆయన వాటిని వెంటనే అనడు. కొడుకు వేషగాడు "నాన్నా, ఇంకా ఎన్నాళ్ళు?" అని అడుగుతాడు. మామయ్య పలకడు. మెల్లగా తల ఎడమవైపు తిప్పుతాడు. అక్కడ ఏమీ లేదు, కంచె, ఎండిన గడ్డి. అటే చూస్తూ ఉంటాడు, గాలి ఏదో చెబుతుంటే వింటున్నట్టు. మూడు సెకన్లు, నాలుగు, ఒక్కోసారి పది. అప్పుడు ఇటు తిరిగి కసురుతాడు. వదినా, ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ప్రతి డైలాగ్ ముందూ ఇదే. ఎడమవైపే. ఎవరు నేర్పారు ఈయనకి?

రషెస్, అంటే ఇంకా ఎడిట్ చెయ్యని ఫిల్మ్, చూసి మా ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళుగా విద్యార్థులకి నోరు మూసుకోవడం నేర్పాలని చూస్తున్నాను, ఈయన పుట్టుకతో నేర్చుకొచ్చాడు" అన్నాడు. మామయ్యకి తర్జుమా చేసి చెప్పాను. "ఆయ్" అని టోపీ సర్దుకున్నాడు.

సౌండ్ చూసే రేణు అని ఇక్కడ పెరిగిన మన తెలుగమ్మాయి ఉంది. "అంకుల్, మీరు చాలా గుడ్ యాక్ట్ చేస్తుంది" అంది. మామయ్య వ్యాకరణం దిద్దబోయి, మానేసి, సంతోషించాడు.

ఇంకా నాలుగు సీన్లున్నాయి. జనవరి నెలాఖరు దాకా ఆయన్ని నా దగ్గరే ఉంచు.

మరిది,
సుందర్

*

షామ్‌బర్గ్
డిసెంబర్ 20

సుందర్,

నాన్నకి ఎవరు నేర్పారని అడిగావు.

మా అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు నాన్నకి ప్రాంప్టర్. పరిషత్ నాటకమైనా చర్చి నాటకమైనా నోట్‌బుక్ పట్టుకుని తెర పక్కన కూర్చునేది. కుడి వింగు హార్మోనియం వాళ్ళది. అమ్మది ఎడమ వింగు. నాన్నకి డైలాగులు ఏనాడూ పూర్తిగా రావు. రెండు మూడు మాటలు దొరక్కపోతే కోపంగా ఎడమవైపు చూసేవాడు. జనం అది వేషం తాలూకు కోపం అనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. అమ్మ మాట అందించేది, ఆయన అందుకునేవాడు.

అప్పుడు రెండు మూడు చోట్ల. ఇప్పుడు ప్రతి డైలాగ్ ముందూ అని నువ్వే రాశావు. ఒక్కోసారి పది సెకన్లని కూడా రాశావు.

అటు పక్క ఎవరూ లేరు సుందర్. ఆయన గాలి వినడం లేదు. మాట కోసం చూస్తున్నాడు.

నువ్వు ఏం దాచావో ఇప్పుడు రాయి. మొత్తం రాయి.

దేవకుమారి

*

ఇర్వింగ్
1984 జనవరి 2

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ మొదటి వాక్యంలో జోకు వచ్చింది. చించేశాను.

నేను అబద్ధం రాశాను. పొద్దున కీర్తన నిజమే, కానీ ఒకే చరణం, మళ్ళీ మళ్ళీ. కాఫీ బాగాలేదనడం నిజమే, కానీ తాగిన పావుగంటకి "ఇవాళ కాఫీ ఇవ్వలేదేంట్రా" అంటాడు. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని "ఎవరీ పెద్దాయన?" అన్నాడొకసారి. నవ్వాను. నటన అనుకున్నాను. అనుకోవడం నాకు వీలుగా ఉంది, అదీ అసలు సంగతి.

డిసెంబర్ మూడున, అంటే నీకు "దివ్యంగా ఉంది" అని రాయడానికి ఎనిమిది రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ మామయ్య రాంచ్‌లోంచి కనబడకుండా పోయాడు. ముప్పావుగంట వెతికాం. హైవే మీద గస్తీ తిరిగే పోలీసు కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. రోడ్డు పక్కన నడుస్తూ, ఆగిన ప్రతి ట్రక్కునీ "సఖినేటిపల్లి పంటు ఎన్నింటికి?" అని అడుగుతున్నాడట. గోదావరి దాటించే పడవ కోసం, టెక్సాస్‌లో, ఆ బూట్లతో. పోలీసు నన్ను పక్కకి పిలిచి, "మీ పెద్దాయన పశువుల కోసం వెతుకుతున్నట్టున్నాడు, ఈ వయసులో రాంచ్ ఆయన ఒక్కడి మీదా వదలకండి" అన్నాడు. ఆ వేషం అంత బాగా కుదిరింది వదినా. నిజం రాంచర్ అనుకున్నాడు.

మామయ్య కారు దిగి నన్ను చూసి, "నవోమి అవతలి రేవులో ఎదురుచూస్తుంటుంది రా" అన్నాడు.

ఆ సాయంత్రమే నీకు రాయాల్సింది. నాలుగు సీన్లు మిగిలున్నాయి కదా అని రాయలేదు. ఇంతకన్నా మంచి కారణం వెతికాను. దొరకలేదు.

సినిమా ఆపేస్తాను. ఆయన్ని ఎప్పుడు తీసుకురమ్మంటే అప్పుడు నేనే తీసుకొస్తాను.

సుందర్

*

షామ్‌బర్గ్
జనవరి 10

సుందర్,

నీ మీద చాలా కోపంగా ఉంది. అది ఇప్పుడప్పుడే తగ్గదు, ఎదురుచూడకు.

నువ్వు నెల ముందు చెప్పినా ఆ జబ్బు ఆగేది కాదు. ఇది నర్సుగా చెబుతున్నా. కూతురిగా చెప్పాల్సిన మాట వేరే ఉంది, అది రాయను.

నిన్న ఫోన్‌లో నాన్నతో మాట్లాడాను. "అమ్మా, అల్లుడు నాటకం ఆపేస్తానంటున్నాడు, నేను బాగా వెయ్యలేదా?" అని అడిగాడు. ఈ ఏడాదిలో ఆయన నన్ను అడిగిన ప్రశ్నల్లో, జవాబు విని గుర్తుపెట్టుకోవాలన్నంత ఆశగా అడిగింది అదొక్కటే.

ఫిబ్రవరి పదకొండు, పన్నెండు నాకు సెలవు దొరికింది. ఆ రెండు రోజుల్లో నాలుగు సీన్లూ ముగించు. ఎడమ పక్కన నేను కూర్చుంటాను. కెమెరాకి కనబడకుండా ఎక్కడ కూర్చోవాలో నువ్వు చూసుకో.

అమ్మ పద్ధతి చెబుతా, మీ వాళ్ళకి కూడా చెప్పు. మొదటి మాట ఒక్కటే అందించాలి. రెండో మాట చెబితే నాన్నకి అవమానం. ముందుగా అందించకూడదు, ఆయన చూడాలి, అప్పుడు. ఆలస్యం కూడా కూడదు.

పదమూడున ఆయన్ని నాతో తీసుకెళ్ళిపోతా.

దేవకుమారి

*

ఇర్వింగ్
ఫిబ్రవరి 26

వదినా,

మీరు వెళ్ళినప్పటినుంచి ఎడిటింగ్ గదిలోనే ఉన్నాను. కిటికీ లేదు. నా అపరాధాలకు తగిన గది.

రెండు రోజులు గడ్డి మోపు వెనక స్కార్ఫ్ చుట్టుకుని కూర్చున్న మనిషికి ఏమని కృతజ్ఞతలు రాయాలో తెలీక ఇన్నాళ్ళు రాయలేదు. నీ తుమ్ములు మాత్రం సౌండ్‌లో ఏడు ఉన్నాయి. భావితరాల కోసం భద్రపరిచాను.

నువ్వు గమనించావో లేదో. నువ్వు కూర్చున్నాక ఆయన చూపు మారింది. అంతకుముందు ఎడమవైపు చూస్తే వెతికేవాడు. ఇప్పుడు చూస్తే, విసుక్కుంటున్నాడు. "ఊఁ, అందించు" అన్నట్టు. ముప్పై ఒక్క ఏళ్ళ విసుగు. ఎంత హాయిగా విసుక్కున్నాడో!

షూటింగ్ పుస్తకంలో రేణు ప్రతి టేక్ పక్కనా లెక్క రాసింది. "టేక్ మూడు. ప్రాంప్ట్ ఒకటి." "టేక్ ఐదు. ప్రాంప్ట్ రెండు." చివరి సీను, గేటు మాట, పదకొండు టేకులు. పదకొండింటికీ ప్రాంప్ట్ ఉంది. ఆ ఒక్క మాట ఆయనకి ఎప్పుడూ సొంతంగా రాలేదు.

ఇప్పుడు నా పని ఏమిటంటే, నీ గొంతు తియ్యడం. ఆయన ప్రతి డైలాగ్ ముందూ నీ గుసగుస ఉంది. నలభై ఒక్క చోట్ల. ఒక్కొక్కటే బ్లేడుతో కోసి తీస్తున్నాను, ఆ ఖాళీలో రేణు గాలి చప్పుడు అతికిస్తోంది. ప్రొఫెసర్‌కి చెప్పలేదు. చెబితే ఆయన ముప్పై ఏళ్ళ సిద్ధాంతం కూలిపోతుంది. పెద్దవాళ్ళని బాధపెట్టడం ఈ ఏడాదికి చాలించాను.

మామయ్య ఎలా ఉన్నాడు?

సుందర్

*

షామ్‌బర్గ్
మే 6

సుందర్,

ఏప్రిల్ రెండున సంతకం పెట్టాను.

నాన్న గది రెండో అంతస్తులో, కిటికీ పార్కింగ్ వైపు. టోపీ తెచ్చుకున్నాడు, వాళ్ళు వద్దనలేదు. మొదటి వారం అందర్నీ కసిరాడు. అక్కడి వాళ్ళకి నచ్చింది కూడా. "మీ నాన్న కౌబాయ్‌గా పనిచేశారా?" అని అడిగారు. తెలుగు మేష్టారని చెప్పాను. నమ్మలేదు.

రెండో వారం నుంచి మాటలు తగ్గాయి. ఇప్పుడు పద్దెనిమిది రోజులుగా ఒక్క మాట లేదు. తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. డ్యూటీ దిగి రోజూ వెళ్ళి కూర్చుంటా. బైబిల్ వాక్యం చదువుతా. కీర్తన పాడతా. పాస్టర్‌గారు వచ్చి ప్రార్థన చేశారు, ఆమెన్ కూడా అనలేదు. నా మొహంలోకి చూస్తాడు, మర్యాదగా, ఎవరో బంధువుల ఇంటికి వచ్చినవాడిలా.

నాకు ఓపిక లేదురా. జాలి పడకు, ఊరికే రాస్తున్నా. రోజంతా ఆసుపత్రిలో ఇరవై మంది ముసలివాళ్ళని పలకరిస్తా, అందరూ పలుకుతారు.

దేవకుమారి

*

ఇర్వింగ్
జూన్ 17

వదినా,

ఈ పార్సిల్‌లో ఒక క్యాసెట్ ఉంటుంది. దాని కథ చెబుతా.

మొన్న శుక్రవారం సినిమా చూపించాం. యూనివర్సిటీ హాలు, నూట ఇరవై మంది, ఏసీ పాడైంది. గేటు మాట వచ్చేసరికి విసనకర్రల్లా ఊపుతున్న కాగితాలు ఆగిపోయాయి. లైట్లు వేశాక మామయ్య ఏరీ అని అందరూ అడిగారు. ముందు ఆ వేషానికి అనుకున్న టీవీ పెద్దాయన చేతికర్ర పట్టుకుని వచ్చాడు. నన్ను పక్కకి లాగి అన్నాడు: "నేనూ పాతికేళ్ళు వేశాను. ఆ చూపు నాకు రాలేదు. ఆయన ఎవర్ని చూస్తున్నాడు?"

వాళ్ళావిడని, అన్నాను. తల ఊపాడు.

డిగ్రీ ఇచ్చారు. ఇంజనీరింగ్ వదిలేసినందుకు ఏడ్చిన మా అమ్మ ఇప్పుడు వేరే కారణం వెతుక్కోవాలి.

క్యాసెట్ సంగతి. నీ గొంతు కోసి తీసిన నలభై ఒక్క ముక్కలూ పారెయ్యలేకపోయాను. ఎడిటింగ్ గదిలో ఒక మేకుకి వేలాడుతూ ఉండేవి. రేణు, నేను కూర్చుని వాటిని వరసగా అతికించాం. ఒక మాట, తరవాత ఆయన డైలాగ్ పట్టేంత ఖాళీ. మళ్ళీ ఒక మాట, ఖాళీ. మొత్తం తొమ్మిది నిమిషాలు. దానివల్ల ఏమీ కాకపోవచ్చు. అయినా అది నీదే కదా, నీ గొంతే.

"ఇది ఆంటీకి పంపు, అంకుల్ లైన్స్ అంకుల్ దగ్గరే ఉంటాయి" అంది రేణు. దాని తెలుగు నేను దిద్దలేదు.

సుందర్

*

షామ్‌బర్గ్
జూలై 22

సుందర్,

క్యాసెట్ అందింది. రెండు వారాలు బ్యాగ్‌లోనే ఉంచుకున్నా. పెట్టి చూస్తే ఏమీ కాకపోతే, ఇక ఏదీ మిగలదు కదా అని.

ఈ ఆదివారం చర్చి నుంచి సరాసరి వెళ్ళాను. శాంతి టేప్ రికార్డర్ మోసుకొచ్చింది. మంచానికి ఎడమ పక్కన పెట్టాం.

మొదటి మాట వచ్చింది. నాన్న కదల్లేదు. ఖాళీ నడిచిపోయింది. రెండోది, మూడోది, అంతే. నాలుగో మాటకి తల తిప్పాడు. ఐదో మాటకి ఆ టేప్ రికార్డర్ కేసి, నువ్వు రాసిన ఆ విసుగుతో చూశాడు. ఆరోదానికి డైలాగ్ చెప్పాడు. గొంతు పీలగా ఉంది, ఇంగ్లీషు మన నరసాపురం ఇంగ్లీషే, కసురు మాత్రం చెక్కు చెదరలేదు. గుమ్మంలో నర్సు ట్రేతో ఆగిపోయింది.

నలభై ఒకటిలో పంతొమ్మిది చెప్పాడు. మిగతావాటికి ఊరికే అటు చూశాడు. చివరిది, గేటు మాట, దానికి పలకలేదు. కళ్ళు మూసుకున్నాడు. అలిసిపోయాడు. అయిపోయిందనుకుని టేప్ ఆపేశాను.

తరవాత తొమ్మిది నిమిషాల నాటకానికి నేనూ అలిసిపోయి కాసేపు కూర్చున్నా. ఐదయింది. శాంతిని ముందు కారు దగ్గరికి పంపించి, దుప్పటి సర్ది, బ్యాగ్ తీసుకుని తలుపు దాకా వచ్చాను. వెనకనుంచి తెలుగులో అన్నాడు:

"గేటు వేసి వెళ్ళమ్మా. పశువులు బయటికి పోతాయి."

తలుపు దగ్గరికి వేశాను. చప్పుడు వినబడిందో లేదో అని, తీసి మళ్ళీ వేశాను.

మీ షూటింగ్ పుస్తకం ఉంటే తెరిచి కింద రాసుకోరా మరిదీ. టేక్ పన్నెండు. ప్రాంప్ట్ లేదు. డైలాగ్‌లో ఒక మాట సొంతంగా కలిపాడు.

నీ వదిన